సర్వే నంబరు 214/2 మీద దండయాత్ర

ప్రపంచాన్ని జయించడం పెద్ద కష్టమేమీ కాదు. ఏ ప్రపంచాన్ని జయించాలో నలుగురూ ఒక మాట మీదికి రావడమే కష్టం. కంబాలదిన్నె సర్వే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న నాగలింగం అనే నేను స్వానుభవం మీద ఈ మాట చెబుతున్నాను.

మేం నలుగురం స్నేహితులం. నేను, పటాలు గీసే ఖాజావలి, సర్వేయరు చెన్నకేశవులు, టైపిస్టు ఫిలోమినా. పదకొండేళ్లు మా నాలుగు క్యారియర్లూ ఒకే బల్ల మీద తెరుచుకున్నాయి. ఫిలోమినాను అరవై కిలోమీటర్ల అవతలి ఆఫీసుకు బదిలీ చేశాక బల్ల బోసిపోయింది. అప్పుడు ఖాజావలి ఫోన్లో ఒక ఆట పట్టుకొచ్చాడు. పటం మీద దేశాలుంటాయి. ఒక్కొక్కరికీ ఒక రంగు సైన్యం. పాచికలు వేసి పక్క దేశం మీద పడాలి. చివరికి లోకమంతా ఎవరి రంగులోకి మారితే వాళ్లు గెలిచినట్టు. అక్కడ ఫిలోమినా, ఇక్కడ మేం ముగ్గురం. స్పీకరు పెట్టుకుని, ఈ పూట గోంగూర ఎంత బాగా కుదిరిందో ఆమెకు వర్ణించి చెబుతూ ఆమె దేశాలు లాక్కునేవాళ్లం.

ఆ ఆటలో రెండు వందల పైచిలుకు పటాలున్నాయి. అసలు యుద్ధం అక్కడే. ఖాజావలికి దీవులున్న పటం కావాలి, ఏదో ఒక దీవిలో నక్కి సైన్యం పెంచుకుంటాడు. ఫిలోమినాకు చిన్న పటం కావాలి, ఆమె ఆఫీసులో భోజనానికి అరగంటే ఇస్తారు. చెన్నకేశవులుకు ఏ పటమూ నచ్చదు. ఇరవై మూడేళ్లు కొలత గొలుసు పట్టుకుని పొలాల గట్లు తిరిగిన మనిషి.

"ఈ మూడు దేశాలు కలిసే కాడ రాయేదిరా? రాయి లేకుంటే రేప్పొద్దున తగువు రాదా?" అనేవాడు.

"తగువు రావడానికే కదండీ ఆట!" అని ఫిలోమినా స్పీకర్లోంచి అరిచేది.

పటం కుదిరేసరికి మజ్జిగన్నంలోకి వచ్చేవాళ్లం. అయినా బాగుండేది. నిజం చెప్పాలంటే, రోజు మొత్తంలో నేను మనిషిలా ఉండే గంట అదొక్కటే.

మేం భోంచేసేది రికార్డు రూములో. పాతకాలపు రాతి గోడలు, ఒకటే తలుపు. ఆ తలుపు తీసి ఉంటేనే ఫోన్లకు సిగ్నలు అందుతుంది. గాలి వస్తే అది మూసుకుంటుంది, మూసుకుంటే బిగుసుకుపోతుంది. అందుకని తలుపుకు అడ్డంగా ఒక రాయి పెట్టాం.

అది గురవమ్మ రాయి.

గురవమ్మది మొగిలిపాలెం. సర్వే నంబరు 214/2, ఎకరం ముప్ఫై సెంట్లు. పక్క పొలపాయన ఏటా దుక్కిలో రెండు చాళ్లు ఇవతలికి జరుగుతాడు. ఈ ఏడు ఏకంగా హద్దు రాయి పీకి కాలవలో పడేశాడు. ఆమె దాన్ని ఆటోలో వేయించుకుని మా ఆఫీసుకు తెచ్చింది. "ఇది సాక్ష్యం, ఇక్కడే ఉండనీ అమ్మా" అన్నాను నేను. మర్నాటి నుంచే సాక్ష్యం తలుపు డ్యూటీలో చేరింది. మా ఆఫీసులో చేరిన రోజు నుంచి పనిచేసినది నాకు తెలిసి అదొక్కటే.

ఆమె అడిగేది ఒకటే. వానలు పడి మిరప నారు నాటేలోపు పొలం కొలిచి రాయి పాతాలి. ఆలస్యమైతే పక్కాయన మిరప ఆమె నేలలో వేళ్లూనుకుంటుంది. పైరు మీద మావాళ్లు గొలుసు లాగరు. ఇంకో ఏడాది పోయినట్టే. అందుకని ప్రతి సోమవారం వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది.

"నా వంతు వచ్చిందా సామీ?"

"సార్లు భోజనంలో ఉన్నారమ్మా."

"పొద్దున్నుంచీ తింటానే ఉండారా?"

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నిజానికి ఎప్పుడూ కోపం రావలసింది అలాంటి మాటలకే.

ఇలా ఉండగా త్రిలోచనరావుగారు అసిస్టెంట్ డైరెక్టరుగా వచ్చారు. నాయకత్వ లక్షణాల మీద అయిదు రోజుల శిక్షణ పొంది, ఆ వేడి చల్లారకముందే చార్జి తీసుకున్నారు. మూడో రోజు మేం ఆడుతుండగా రికార్డు రూములోకి వచ్చి నిలబడ్డారు. ఖాజావలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెమో ఖాయం అనుకున్నాం. మెమో అయితే ఎంత బాగుండేదో తరవాత తెలిసింది.

సారు నా ఫోను తీసుకుని చాలాసేపు చూశారు. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇది క్రీడ కాదు" అన్నారు. "వ్యూహాత్మక చింతన! ఉద్యోగిలో నిద్రాణమైయున్న నాయకత్వ పటిమను జాగృతం చేయు సాధనం. దీనిని భోజన విరామమునకు పరిమితం చేయుట మిక్కిలి శోచనీయం."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'వ్యూహ వికాస కార్యక్రమం' పేరిట ప్రతి శుక్రవారం ఉదయం పదకొండు గంటల నుంచి ప్రపంచాన్ని జయించవలెను. ఆట ఆడడానికి పటం కావాలి గనక పటాల ఎంపిక కమిటీ వేయడమైనది. అధ్యక్షులు సారు, కన్వీనరు నేను. ఫిలోమినా సేవలను దూరం నుంచే వినియోగించుకోవడానికి అనుమతి కోరుతూ ఆమె ఆఫీసుకు ఉత్తరం పోయింది. సంతోషంగా ఆడుకునే నలుగురిని విధిగా ఆడేలా చేయడానికి ఒక్క పూట పట్టింది.

మొదటి సమావేశంలో ఖాజావలి ప్రపంచ పటం చూపించాడు. సారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"దీనిని కొలిచినదెవరు?"

"తెలీదు సార్. ఆటలోనే వస్తుంది."

"సంతకమేది? రౌండు సీలేది? సీలు లేని పటాన్ని సర్వే శాఖ ఆమోదిస్తే రేపు ప్రజలకు మనమేమి సమాధానం చెప్పగలం?"

ఇది మా ఆఫీసు ఆచారం, ఆయన్ని తప్పు పట్టలేను. మా దగ్గర భూమి ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, కాగితం మీద గుండ్రటి సీలుండాలి. కాబట్టి ఆటలోని ప్రపంచాన్ని గోడ మీది ప్రపంచంతో సరిచూసి ధ్రువీకరించే బాధ్యత చెన్నకేశవులుకు అప్పగించారు. అది పూర్తయ్యేదాకా క్షేత్ర పనులన్నీ తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది.

"సార్, మొగిలిపాలెంలో ఒక పొలం కొలవాల. వానలొచ్చేస్తన్నయ్" అన్నాడు చెన్నకేశవులు.

"ముందు ప్రపంచం తేలనివ్వండి. మొగిలిపాలెం అందులో అంతర్భాగమే కదా!"

చెన్నకేశవులు మూడు వారాలు గోడ పటం ముందు స్టూలు మీద నిలబడి సముద్ర తీరాలు దారంతో కొలిచాడు. కొన్ని దేశాల దగ్గర పది, పన్నెండు శాతం తేడా వచ్చిందని రిపోర్టు ఇచ్చాడు. ప్రపంచ పటం తిరస్కరించబడింది.

తరవాత రాష్ట్ర పటం. ఒక జిల్లా పక్క జిల్లాను ఆక్రమిస్తే అక్కడి తోటి అధికారి మనసు నొచ్చుకుంటుందని సారు ఒప్పుకోలేదు. ఊహాలోకపు దీవుల పటం పెట్టాం. లేని భూమికి ఈ శాఖ పటం ఇవ్వజాలదు అన్నారు. లేని భూమికి పటాలివ్వడం మా శాఖకు కొత్త కాదు, కానీ ఇంత బహిరంగంగా ఎప్పుడూ ఇవ్వలేదన్న మాట నిజమే. చివరికి విసుగొచ్చి చంద్రమండలం పెట్టాం. అది ఏ డివిజన్ కిందికి వస్తుందో తెలుపవలసిందిగా సారు పై ఆఫీసుకు రాశారు. 'సదరు ప్రాంతము ఈ కార్యాలయ పరిధిలోనికి రాదు, సంబంధిత కార్యాలయమును సంప్రదించగలరు' అని నెల తిరక్కుండా జవాబొచ్చింది. మా శాఖలో అంత తొందరగా జవాబు రావడం నేనెరగను.

గురవమ్మ ఈలోగా ఏడు సోమవారాలు వచ్చింది. ఎనిమిదోసారి తన ఊరిపటం నకలు తనే తెచ్చి ఫైలుకు కుట్టించింది, మాకు వెతుక్కునే శ్రమ లేకుండా.

ఆ ఫైలు నా బల్ల మీద పైన ఉంది. నోరు జారాను.

"సార్, ఆటలో మన సొంత పటం ఎక్కించుకునే వీలుంది. మన రికార్డు రూము పటమే ఒకటి ఎక్కిస్తే? సీలుంటుంది, సంతకముంటుంది. ఇదిగో, మొగిలిపాలెం."

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నాగలింగం గారూ! ప్రపంచమును ఇంత దగ్గర పెట్టుకుని ఎక్కడెక్కడో వెతికితిమి!"

ఖాజావలి రెండు రోజులు కూర్చుని మొగిలిపాలేన్ని చక్కగా ఎక్కించాడు. ఒక్కో సర్వే నంబరూ ఒక్కో రాజ్యం. తీరా చూస్తే 214/2 ఊరికి నడిబొడ్డున ఉంది. చెరువు వైపు నంబర్లకూ బాట వైపు నంబర్లకూ మధ్య దారి అదొక్కటే. అది చేతిలో ఉన్నవాడిదే ఊరు.

శుక్రవారం ఆట మొదలైంది. సారుది ఎర్ర సైన్యం, నాది పసుపు, ఖాజావలిది ఆకుపచ్చ, చెన్నకేశవులుది తెలుపు, ఫిలోమినాది నీలం. పై అధికారి సరిహద్దుకు సైన్యాన్ని పంపాలంటే మాకు చేతులాడలేదు. నేను నా సైన్యాన్ని ఊరవతల గుట్ట మీదికి తోలుకుపోయాను. ఫిలోమినా మాత్రం 214/2 కోసం సారు మీద మూడుసార్లు పడింది.

"ఆయన నాకు పై ఆఫీసరు కాడుగా!" అని నవ్వింది.

నాలుగోసారి సారు నలభై సైన్యాలతో వచ్చి 214/2 పట్టుకున్నారు. ఆఫీసంతా చప్పట్లు కొట్టాం. నేను మినిట్సు రాశాను. 'సర్వే నంబరు 214/2 నందలి ఎకరం ముప్ఫై సెంట్లను ఎర్ర సైన్యము స్వాధీనపరచుకొన్నది.' సారు సంతకం చేశారు. సీలు పడింది. పటం మీద గురవమ్మ ఫైలు నంబరుంది గనక, ఒక పటానికి రెండు ఫైళ్లుండవు గనక, మినిట్సు కూడా ఆ ఫైల్లోనే చేరింది. సీలు పడిన కాగితం ఫైల్లో చేరితే అర్జీదారుకు జవాబు వెళ్లాలన్నది ఇంకో ఆచారం. కాబట్టి ఆ జవాబు వెళ్లింది, దాన్ని పంపింది కూడా నేనే.

సోమవారం గురవమ్మ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చింది. బల్ల మీద కూర్చోలేదు.

"ఈ ఎర్ర సైన్యమోళ్లు ఏ ఊరోళ్లు సామీ? నేనెప్పుడూ చూళ్లేదే! పక్కాయనే నయం గదయ్యా, ఏడాదికి రెండు చాళ్లే జరిగేవోడు. వీళ్లు ఒక్క పూటలో అంతా తీసుకున్నారంట!"

నేను తల ఎత్తలేకపోయాను. ఆమెను సారు దగ్గరికి తీసుకెళ్లి, జరిగిన పొరపాటు చెప్పి, మినిట్సు రద్దు చేయమన్నాను.

"రౌండు సీలు పడిన పత్రమును రద్దు చేయు అధికారము నాకు లేదు" అన్నారు సారు, ఎంతో జాలిగా. "స్వాధీనము ఆటలో మారినది. మరల ఆటలోనే మారవలెను. అమ్మా, మీరును వచ్చి ఆడండి. ఇది ప్రజా భాగస్వామ్యమునకు చక్కని అవకాశం."

"ఆడితే నా పొలం నాకు రాసిస్తారా?"

"గెలిస్తే నిస్సందేహముగా!"

"వస్తా" అంది గురవమ్మ.

శుక్రవారం ఉతికిన చీర కట్టుకుని వచ్చి మా మధ్య కూర్చుంది. ఖాజావలి ఆమెకు తన రెండో ఫోను ఇచ్చి, గోధుమ రంగు సైన్యం ఇచ్చి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించాడు.

"ఎవరండీ కొత్త ప్లేయరు?" అంది స్పీకర్లోంచి ఫిలోమినా.

చెప్పక తప్పలేదు. పటం ఎవరి ఫైల్లోదో, ఉత్తరం ఏమని పోయిందో అంతా చెప్పాను.

"పోయిన వారం మనం కొట్టుకుంది ఆ పెద్దావిడ పొలం మీదా? నాగలింగం గారూ, మీరు అన్నం తినే చేత్తోనే రాశారా ఆ ఉత్తరం?"

మా ఫోన్ల మీద ఒక వాక్యం వచ్చింది. నీలం సైన్యం ఆట నుంచి వైదొలిగింది.

"కీలక తరుణంలో క్రమశిక్షణారాహిత్యం!" అన్నారు సారు. ఆట ఆగలేదు.

గురవమ్మ మొదటి వంతులోనే 214/2 మీద పడింది. పాచికలు వరసగా ఆరు, ఆరు, అయిదు. పొలం గోధుమ రంగులోకి మారింది. ఆమె ముఖం చూసి నాకు కూడా నవ్వొచ్చింది. ఉన్న సైన్యాన్నంతా అక్కడే పెట్టి ఫోను బల్ల మీద బోర్లించింది.

రెండో వంతు వచ్చింది. ఆమె కదల్లేదు.

"పెద్దమ్మా, పక్క నంబరు ఖాళీగా ఉంది, దాని మీదికి పో" అన్నాడు ఖాజావలి గుసగుసగా.

"పక్కోడిది నాకెందుకు నాయనా? నాది నాకు వచ్చిందిగా!"

మూడో వంతూ, నాలుగో వంతూ అలాగే గడిచాయి. సారు కార్యక్రమ నియమావళి తీశారు. తొమ్మిదో నియమం ఆయన స్వయంగా రాసినది, గొంతు సవరించుకుని చదివారు. "వరుసగా మూడు వంతులు దండెత్తని క్రీడాకారుడు క్రియాశూన్యునిగా పరిగణింపబడును. అట్టివాని భూమి దాని పూర్వ స్వాధీనదారునకు చెందును."

పూర్వ స్వాధీనదారు ఎర్ర సైన్యం. పొలం మళ్లీ ఎర్రబడింది. నేను మినిట్సు రాశాను. సీలు పడింది.

గురవమ్మ ఆ ఫోను ఖాజావలి చేతిలో పెట్టి లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మంది భూమి గుంజుకోనోళ్లకి సొంత భూమి ఉండకూడదంటే, ఆ ఆట మీరే ఆడుకోండి సామీ. నా రాయి నాకియ్యండి, పోతా."

వంగి తలుపు దగ్గరి రాయి పట్టుకుంది. అది కదల్లేదు. అప్పుడు చెన్నకేశవులు లేచాడు. తెల్ల కాగితం మీద మధ్యాహ్నం నుంచి సెలవు కావాలని రాసి, సారు ముందు పెట్టి, గోడకు వేలాడే గొలుసు భుజాన వేసుకున్నాడు.

"ప్రపంచం కొలిచా, తప్పులొచ్చినయ్. ఎకరం ముప్ఫై సెంట్లు కొలిస్తే రావులే. పద పెద్దమ్మా" అన్నాడు.

రాయికి ఒక పక్క అతను, ఇంకో పక్క ఖాజావలి పట్టి ఆటో దాకా మోశారు. రాయి పోగానే తలుపు ఊగింది. సిగ్నలు పడిపోతోందని సారు కంగారుపడ్డారు. నేను వెళ్లి తలుపు పట్టుకుని నిలబడ్డాను. స్నేహితులు ఇద్దరు మంచిపని చేస్తుంటే నేను చేసిన పని అదీ.

మర్నాడు మొగిలిపాలెంలో రాయి పాతారు. అర్జీ ఉంది, పటం ఉంది, నలుగురు సాక్షులున్నారు, కొలత సరిపోయింది. పక్కాయన రెండు చాళ్లు కాదు, ఆరు చాళ్లు వెనక్కి పోవలసి వచ్చింది. ఆ సాయంత్రమే వాన పడింది.

సోమవారం చెన్నకేశవులుకు మెమో వచ్చింది. అభియోగాలు రెండు. ఒకటి, పటాల ఎంపిక కమిటీ అనుమతి లేకుండా నిజమైన భూమిని కొలుచుట. రెండు, కార్యక్రమమునకు అత్యవసరమైన రాతిని కార్యాలయము వెలుపలికి తరలించుట. మెమో రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అతని సంజాయిషీ ఒక్క వాక్యమే. 'కొలిచితిని, రాయి ఉన్నది, ఎవరైనను వచ్చి చూచుకొనవచ్చును.' ఎవరు వెళ్లి చూడాలి? మాకున్నది ఒక్కడే సర్వేయరు. అతణ్ని సారు విచారణ తేలేదాకా పక్కన పెట్టారు. కాగితం మీద 214/2 ఇంకా ఎర్రగానే ఉంది. పక్కాయన ఆ కాగితం నకలు కోసం అప్పుడే దరఖాస్తు పెట్టాడు.

శుక్రవారం వచ్చింది. కిందటి వారం ఆగిన చోటు నుంచే ఆట మళ్లీ మొదలైంది. సారు, ఖాజావలి లోపల కూర్చున్నారు. నాది కూడా ఆటే గానీ, రాయి లేదు గనక నేను గడప బయట నిలబడి, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాను. ఒక్కో వంతుకు నిమిషం గడువు, అది దాటితే వంతు పోయినట్టే. సారు ఊరు మొత్తం దాదాపు ఎర్రగా చేసేశారు. గుట్ట మీద నా పసుపు, చెరువులో ఖాజావలి ఆకుపచ్చ మిగిలాయి.

"నాగలింగం గారూ, తలుపు గట్టిగా పట్టుకోండి. మరి రెండు వంతులలో లోకము మనదే!"

గాలి వచ్చింది. తలుపు దబ్బున పడింది.

లోపలి నుంచి కేకలు వినిపించాయి. బిగుసుకుపోయిన తలుపును వాళ్లు లాగుతున్నారు, నేను నెడుతున్నాను. నా వయసుకు తగినట్టు నిదానంగా నెట్టాను. మధ్యలో నా వంతు వచ్చినప్పుడల్లా ఆగి పక్క నంబరు మీద దండెత్తాను. ఎర్రకు మూడు వంతులు దాటాయి, ఆకుపచ్చకూ దాటాయి. తలుపు తెరుచుకునేసరికి సారు చొక్కా తడిసిపోయింది. ఖాజావలి మాత్రం నా వైపు చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"తొమ్మిదో నియమం సార్" అన్నాను. "ఎర్ర సైన్యం క్రియాశూన్యమైంది. 214/2 పూర్వ స్వాధీనదారుకు చెందును. అంటే గురవమ్మకు."

సారు నియమావళి మూడుసార్లు చదువుకున్నారు. కింద తన సంతకం ఉంది, సీలు ఉంది. సీలు పడిన పత్రాన్ని మార్చే అధికారం ఆయనకు లేదు. నేను మినిట్సు రాశాను, ఆయన సంతకం చేశారు, సీలు నేనే వేశాను. ఒకసారి వేస్తే చాలు, రెండుసార్లు వేశాను. నకలు ఒకటి గురవమ్మకు, ఒకటి పక్కాయనకు పంపాను. భోజనం వేళకు ఫిలోమినాకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

ఇప్పుడు మెమో నాకు వచ్చింది, తలుపును నిర్లక్ష్యముగా వదిలివేయుటకు కారణమేమిటని. సంజాయిషీలో గాలి అని రాశాను. గాలి వచ్చిన మాట నిజమే. తలుపు వదిలింది మాత్రం నేనే.